పిల్లాణ్ణి తాపీ పట్టనివ్వకండి

తాపీ మేస్త్రీ అవుతానంటున్న కుర్రాడు ఇంట్లో ఉంటే కన్నవాళ్లు వెంటనే మేలుకోవాలి. పరువు సంగతి తర్వాత. పని వచ్చిన మేస్త్రీ ఎంతమంది పొట్ట కొడతాడో ఎవరైనా లెక్కేశారా?

స్లాబే చూడండి. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్లకు అటూ ఇటూగా నీళ్లు చాలు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పని రానివాళ్లు మాత్రం కాంక్రీటు సాంబారులా జారేదాకా పైపు వదులుతారు, పోయడం తేలికని. ఎక్కువైన నీళ్లు ఆవిరైపోయి ఆ చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. రెండో వానాకాలానికి హాలు సీలింగంతా మరకలు. ముందు వాటర్‌ప్రూఫింగ్ వాళ్లొస్తారు, వెనక పుట్టీ, రంగుల వాళ్లు, చివరికి అదంతా దాచిపెట్టడానికి ఫాల్స్ సీలింగ్ వాళ్లు. లెక్క తెలిసిన కుర్రాడు ఆ పైపు కట్టేస్తే ఇన్ని కుటుంబాలూ రోడ్డున పడవూ?

గోడ కూడా అంతే. ఇటుకలు నానబెట్టకుండా కడితే సిమెంటు, ఇసుక కలిపిన మాలులోని తడి అవే పీల్చేస్తాయి, సిమెంటుకు పట్టు రాదు. వరసవరసకూ నిలువు చూసే తూకపు గుండు వేసి చూడకపోతే గోడ పక్కకు పోతుంది. "ప్లాస్టరింగులో సర్దేద్దాం సార్" అని అభయం ఎలాగూ ఉంది. అర అంగుళం పూత సరిపోయే చోట రెండంగుళాలు ఒకేసారి కొడితే బరువుకు జారుతుంది, ఆరాక పగులుతుంది. సిమెంటు కొట్టువాడికి పండగ.

అసలు విద్య బాత్రూంలో బయటపడుతుంది. అయిదడుగుల గదికి నీళ్లు పోయే జాలీ వైపు ముప్పావు అంగుళం వాలు ఇస్తే నీళ్లు వాటి దారిన అవి పోతాయి. పని నేర్చినవాడు టైల్స్ వేయకముందే జాలీ మూసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద గది సీలింగు చూసొస్తాడు. పైపు స్లాబును దాటే చోటే ముందు కారుతుందని వాడికి తెలుసు. ఇలాంటి అనుమానపు మనుషులతో వేగడం కష్టం! నేర్వనివాడు జాలీని గదిలో ఎత్తైన చోట పెడతాడు, ఇంటిల్లిపాదికీ రోజూ వైపరుతో వ్యాయామం. టైలు మధ్యలో ఒక్క మాలు ముద్ద పెట్టి అతికిస్తాడు, మూలలు డొల్ల. బకెట్ పడిన రోజున విరుగుతాయి.

ప్రమాదం ప్రభుత్వం వైపు నుంచి కూడా ఉంది. ఇలాంటి చేతిపనులు నేర్పే ఐటీఐలో ప్లంబరుకు ఏడాది, ఎలక్ట్రీషియనుకు రెండేళ్ల కోర్సు. 18 నుంచి 60 ఏళ్లలోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ఈ ముక్క కుర్రాడి చెవిన పడనివ్వకండి. బుద్ధిగా బీటెక్ చదివించండి. ఇల్లు కొని ఇరవయ్యేళ్లు ఈఎంఐ కడుతూ, "అన్నా, రేపైనా వస్తావా?" అని మేస్త్రీకి ఫోన్లు చేసుకుంటాడు.

అయినా వినకపోతే పెళ్లిచూపుల్లో తెలిసొస్తుంది. మేస్త్రీకి పిల్లనిచ్చేది లేదని అమ్మాయి తండ్రి మొహం మీదే చెప్పేస్తాడు. చెప్పి, గుమ్మందాకా వచ్చి, "బాబూ, మా బాత్రూం కారుతోంది, ఒక్కసారి చూసిపోతావా?" అంటాడు. వాలు చూసే రసమట్టం వెంట ఉంచుకోవడం మంచిది. అడ్వాన్సు ముందే తీసుకోవాలి.