సర్వర్ రీస్టార్ట్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రీస్టార్ట్ గారికి డేటాబేస్ విభాగం నమస్కరించి చేసుకొను మనవి.

మా వ్యాపార సాఫ్ట్‌వేర్ ఆధారపడిన డేటాబేస్‌కు కొత్త వెర్షన్ వేసిన మరునాటి నుంచి ఆఫీసులో మీకు జరుగుతున్న రాజమర్యాదలు చూస్తూనే ఉన్నాను. ఇన్వాయిస్ తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది, సరుకు ఎక్కించిన లారీ ఈ-వే బిల్లు కోసం గేటు దగ్గర నిలబడి ఉంటుంది, 11వ తేదీలోపు అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1 దాఖలు చేయవలసిన అకౌంట్స్ వారు సపోర్టుకు ఫోన్ చేస్తారు. అటువైపు వారు సమస్య పూర్తిగా వినకముందే మీ నామస్మరణ చేస్తారు. మీరు వేంచేస్తారు, అంతా సర్దుకుంటుంది. మధ్యాహ్నానికి కథ మళ్లీ మొదటికి వస్తుంది.

మీ మహిమ బొత్తిగా బూటకమని నేను అనను. పొద్దున్నే ఎవరో పది బిల్లులున్న చిన్న డీలరు లెడ్జర్ తీస్తే ఆ కాస్త డేటాకు తగిన ప్లాన్, అంటే డేటాను ఏ దారిలో వెతికి తేవాలన్న పథకం, తయారై మెమరీలో కూర్చుంటుంది. లక్ష బిల్లులున్న పెద్ద డీలరుకు కూడా అదే ప్లాన్ వాడబోయి సర్వర్ చతికిలపడుతుంది. మీరు వచ్చి ఆ ప్లాన్‌ను తుడిచేస్తారు. ఆ తరువాత ముందుగా ఎవరి లెడ్జర్ తెరుస్తారన్నదాన్ని బట్టి మా అదృష్టం ఉంటుంది. ఆ అదృష్టాన్నే సపోర్టు వారు ‘సమస్య పరిష్కరించబడినది’ అని టికెట్‌లో రాసుకుని మూసేస్తారు.

నా బాధల్లా సాక్ష్యం గురించే. క్వెరీలు, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు, దేనికోసం ఎంతసేపు ఆగాయో చెప్పే వెయిట్ లెక్కలు కూడా మీ రాకతో సున్నా అవుతాయి. దొంగలు పడ్డ ఇంటిని పోలీసులు రాకముందే కడిగి ముగ్గు పెట్టినట్లు ఉంటుంది మీ వ్యవహారం.

మాది మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్. ప్లాన్ తయారీ కోసం ఎన్ని వరుసలు వస్తాయో ముందుగా అంచనా కట్టే భాగాన్ని, 1998 నాటి 7.0 తరువాత, 2014 వెర్షన్‌లోనే పెద్ద ఎత్తున తిరగరాశారు. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, జిల్లా గుంటూరు అని అడిగితే, ఆ రెండింటికీ సంబంధమే లేదనుకుని పాత లెక్క నిష్పత్తులను గుణించి వరుసలను తగ్గించి చూపేది; కొత్త లెక్క కొంత సంబంధం ఉంటుందని ఒప్పుకుంటుంది. ఇది తెలివైన మార్పే, కానీ పాత అంచనాల నీడలో పెరిగిన రిపోర్టులు కొన్ని మొరాయిస్తాయి. వెర్షన్ మార్చినా డేటాబేస్ ఏ వెర్షన్ పద్ధతిలో నడవాలో చెప్పే కంపాటిబిలిటీ లెవెల్‌ను పాతదిగానే ఉంచి, క్వెరీల ప్లాన్‌లనూ వాటికి పట్టిన సమయాన్నీ నమోదు చేసే, 2016 నుంచి అందుబాటులో ఉన్న క్వెరీ స్టోర్‌ను ఆన్ చేసి, కొన్నాళ్ల పని నమోదైన తరువాతే లెవెల్ పెంచాలన్నది తయారీదారుల సలహా. అప్పుడు ఏ క్వెరీ ఏ రోజు ప్లాన్ మార్చుకుందో కళ్లెదుట కనిపిస్తుంది, పాత ప్లాన్ మేలైతే దాన్నే ఖాయం చేయవచ్చు. మా దగ్గర వెర్షన్‌నూ లెవెల్‌నూ ఒకే రాత్రి మార్చేసి, పొద్దున్నే మిఠాయిలు పంచారు.

క్వెరీ స్టోర్ లెక్కలు డేటాబేస్‌లోనే, డిస్క్ మీద ఉంటాయి కనుక మీరు ఎన్నిసార్లు వేంచేసినా చెరిగిపోవు. దాన్ని ఆన్ చేయడానికి తమరు రానక్కరలేదు కూడా. అనుమతి కోరుతూ నేను పెట్టిన కాగితం మేనేజరు గారి బల్ల మీద సంతకానికి ఎదురుచూస్తోంది. ఆయన నా మాట కన్నా మీ మాటకే ఎక్కువ విలువ ఇస్తారు గనుక, ఈసారి విచ్చేసినప్పుడు ఆ సంతకం కాస్త పెట్టించి వెళ్లగలరు.

ఇట్లు,
తమరు వెళ్లాక సర్వర్ లాగులు వెతుక్కునే
డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్