వేసవి మంచుకు రంపపు పొట్టే దిక్కు

వేసవిలో క్రాస్ కంట్రీ స్కీయింగ్‌కు, అంటే కాళ్లతో తన్నుకుంటూ మంచు మీద దూరాలు సాగే ఆటకు, ఎక్కడికి వెళ్లాలంటే ఏళ్ల తరబడి వినిపిస్తున్న జవాబు ఒక్కటే: హిమానీనదం. ఆస్ట్రియాలో డాక్‌స్టైన్, ఇటలీలో స్టెల్వియో. ఆ జవాబుకు కాలం చెల్లింది. 2022, 2023 రెండేళ్లలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాల్లో పదో వంతు మంచు కరిగిపోయింది. 2022 శీతాకాలానికి డాక్‌స్టైన్ మీద ఆల్పైన్ (వాలు మీంచి కిందికి జారే) స్కీ లిఫ్టులు నడపలేమని నిర్వాహకులే చేతులెత్తేశారు. కళ్లముందు కరిగిపోతున్న దాని మీద ఇంకా యంత్రాలు, కేబుల్ కార్లు అంటూ డబ్బు గుమ్మరించడం బూడిదలో పోసిన పన్నీరే.

రోడ్డు మీద నడిచే, చక్రాలున్న రోలర్ స్కీలతో సరిపెట్టుకోవచ్చు కదా అంటారు. కుదరదు. క్లాసిక్ రోలర్ స్కీ చక్రం వెనక్కి తిరగకుండా లోపలే అడ్డు ఉంటుంది. కాలు ఎంత నిర్లక్ష్యంగా తన్నినా పట్టు దొరికేస్తుంది. మంచు మీద అదే తన్ను తంతే స్కీ వెనక్కి జారుతుంది. వేసవంతా రోడ్డు మీద పేరుకున్న ఆ చెడ్డ అలవాటును వదిలించేది మంచే.

జూన్ వరకైతే నార్వేలోని సోగ్నెఫ్యెల్‌ను మించిన చోటు లేదు. రోడ్డే 1,400 మీటర్ల ఎత్తు దాటి వెళ్తుంది. శీతాకాలంలో పడిన మంచు ఆ పక్కనే ఉంటుంది. కారు దిగి స్కీలు తొడుక్కోవడమే. పొద్దున్నే వెళ్లాలి. రాత్రి గడ్డకట్టిన పైపొర అప్పటికి గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నానికి మంచు ముతక గింజలుగా విడిపోయి నీళ్లోడుతుంది, స్కీ అడుగున జిగురులాంటి క్లిస్టర్ మైనం పూయకపోతే పట్టు చిక్కదు. ఆ తర్వాతి నెలల్లో న్యూజిలాండ్‌లోని స్నో ఫార్మ్, ఆస్ట్రేలియాలోని ఫాల్స్ క్రీక్ ఉన్నాయి. అక్కడివాళ్లకు అది సొంత శీతాకాలం, హాయిగా ఆడుకోవాలి. ఉత్తరార్ధగోళం నుంచి విమానమెక్కి వెళ్లడం మాత్రం మంచును కరిగించే పొగ వదులుతూ మంచును వెతుక్కోవడమే.

లోపల మంచు పరిచి చల్లగా ఉంచే స్కీ సొరంగాలను సమర్థించేవారి వాదనలోనూ బలం ఉంది. ఫిన్లాండ్‌లోని వువొకట్టిలో 1997 నుంచి, జర్మనీలోని ఓబర్‌హోఫ్‌లో 2009 నుంచి వేసవిలోనూ ఒకే చలి, ఒకే మంచు. స్కీల జారుడును పోల్చి చూడటానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. కానీ పైకప్పు కింద ఒకటి రెండు కిలోమీటర్ల దారిలో గుండ్రంగా తిరగడానికి పగలూ రాత్రీ శీతలీకరణ యంత్రాలు నడవాలి.

నన్ను కట్టిపడేసేది రంపపు పొట్టు. శీతాకాలం చివర్లో మంచును పెద్ద గుట్టగా పోసి, పైన దాదాపు 40 సెంటీమీటర్ల మందాన పొట్టు కప్పుతారు. పూర్వం ఐస్ దిమ్మలను దాచుకున్న పద్ధతే ఇది. పైన పొడిగా, ఎండకు వేడిగా ఉన్న పొట్టులోకి చెయ్యి దూరిస్తే లోపల చెమ్మ, చల్లదనం. వేడిని అడ్డుకోవడమే కాదు, కరిగిన నీటిని పీల్చుకుని, అది ఆవిరయ్యేటప్పుడు గుట్టను చల్లబరుస్తుంది కూడా. స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో కొలిచి చూస్తే వేసవి గడిచాక కూడా సుమారు ముప్పాతిక వంతు మంచు మిగిలింది. శీతలీకరణకు ఒక్క యూనిట్ కరెంటు ఖర్చు కాలేదు! అక్టోబరు చివరికల్లా ఆ మంచుతోనే అక్కడ ట్రాక్ పరుస్తారు. కెనడాలోని కాన్‌మోర్ కూడా ఇదే దారి పట్టింది. ఇటలీలోని లివిన్యో అయితే ఆగస్టులోనే దాచిన మంచును ఊరి వీధుల్లో పరిచి స్ప్రింట్ (తక్కువ దూరపు) పోటీ పెట్టింది.

ఇక్కడ మంచు ఒక్కదాని గురించే మాట్లాడి ఊరుకోలేం. అలాస్కాలోని ఈగల్ గ్లేసియర్ శిక్షణ కేంద్రానికి హెలికాప్టర్‌లో వెళ్లాలి. అంటే అది జట్లకే, మామూలు స్కీయర్‌కు అందని ద్రాక్ష. లోయలోని గుట్టను ఊరి మధ్య పరిస్తే జాతీయ జట్టు వెనకాలే బడిపిల్లలు, పింఛనుదారులు కూడా అదే దారిలో సాగిపోగలరు. ప్రజల డబ్బుతో నడిచే క్రీడా సమాఖ్యలు హిమానీనద శిబిరాలకు ఇస్తున్న సాయంలో పెద్ద వాటాను ఇలాంటి గుట్టలకు మళ్లించాలి. అలా పరిచిన ట్రాక్‌లో రోజుకు కొన్ని గంటలైనా అందరినీ అనుమతించాలని ముందే షరతు పెట్టాలి.