సూర్యారావుపేట సంస్కరించిన వైద్యశాస్త్రం

జబ్బును ముందు అనుమానించి, ఆ అనుమానం నిజమో కాదో తేల్చే పరీక్షను తరువాత రాయడం వైద్యశాస్త్రానికి ఏనాటి నుంచో ఉన్న అలవాటు. విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ మనం ఆ అలవాటును సంస్కరించుకున్నాం. ఇక్కడ పరీక్ష ముందు జరుగుతుంది, అనుమానం రిపోర్టును బట్టి పుడుతుంది, ప్రశ్న అడగవలసిన అగత్యం ఎవరికీ కలగదు. ఈ సంస్కరణ ఫలాలు ఆడవాళ్ల హార్మోన్ల విషయంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించవు.

డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయికి మూడు నెలలుగా నెలసరి రాలేదనీ, గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తున్నాయనీ అనుకుందాం. మొదటి నిర్ధారణ ఇంట్లోనే, మేనత్త నోటి మీదుగా జరిగిపోతుంది: "పెళ్లయితే అన్నీ అవే సర్దుకుంటాయి వదినా!" ఈ పరీక్షకు సూది అక్కరలేదు, పరగడుపున ఉండనక్కరలేదు, చికిత్సకు మాత్రం కల్యాణ మండపం మాట్లాడుకోవాలి. నెలసరి తప్పినప్పుడు శాస్త్రం అన్నిటికంటే ముందు చేయమనే గర్భ నిర్ధారణ పరీక్షను, పెళ్లికాని పిల్ల విషయంలో మర్యాద కోసం వదిలేస్తాం. పెళ్లయిన మరుసటి నెల నుంచి అదే పరీక్ష ఫలితం కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు కనుక లెక్క సరిపోతుంది.

రెండో అంచె ప్యాకేజీ. దసరాకు చీరల మీద ఇచ్చినట్టే ఇప్పుడు రక్తం మీద కూడా తగ్గింపు ఇస్తున్నారు. కొలెస్టరాల్, యూరిక్ యాసిడ్, కాలేయం, మూత్రపిండాలు, విటమిన్ డి, అన్నీ ఒకే ధరకు వస్తాయి. మోకాళ్ల నొప్పుల తాతగారికీ, నెలసరి రాని మనవరాలికీ ఒకే ప్యాకేజీ వర్తిస్తుంది. రాజ్యాంగం ఆశించిన సమానత్వం ఇంత చవకగా ఇంకెక్కడా దొరకదు. ఈ అమ్మాయి లక్షణాలు గుర్తుకు తెచ్చే పీసీఓఎస్ అనే అండాశయాల, హార్మోన్ల సమస్యలాగే కనిపించి మోసగించే ఒక అడ్రినల్ గ్రంథి (మూత్రపిండాల మీద ఉండే హార్మోన్ల గ్రంథి) లోపాన్ని పట్టిచ్చే 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ పరీక్ష మాత్రం అందులో ఉండదు. పేరు పొడుగు కాబట్టి కరపత్రంలో పట్టి ఉండదు.

2003లో రాటర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు పీసీఓఎస్‌కు మూడు గుర్తులు చెప్పారు: అండం సరిగా విడుదల కాక నెలసరి గతి తప్పడం, పురుష హార్మోన్లు ఎక్కువైన లక్షణాలు ఒంటి మీదో రక్తంలోనో కనిపించడం, స్కానింగులో తెలిసే అండాశయాల తీరు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (తల్లికి పాలు పట్టించే హార్మోన్), అడ్రినల్ తేడాలు లేవని తేల్చుకున్నాక, వీటిలో ఏ రెండు ఉన్నా నిర్ధారణ అయినట్టే. మొదటి గుర్తు అడిగితే తెలిసేది, రెండోది చాలామందిలో కంటితో చూడగానే తెలిసేది; అవి రెండూ ఉంటే స్కానింగే అక్కరలేదు. పైగా రజస్వల అయిన 8 ఏళ్ల లోపు స్కానింగును ఆధారంగా తీసుకోవద్దని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి, ఎందుకంటే ఆ వయసు అండాశయాల్లో చిన్న చిన్న ఫాలికల్స్ (అండాలు పెరిగే నీటి సంచులు) ఎక్కువగా ఉండటం సహజమే. ఇవన్నీ కృష్ణా తీరం దాకా రాని విషయాలు. మనకు స్కానింగే తొలి మెట్టు. సీసాడు నీళ్లు తాగి, మూత్రం బిగబట్టుకుని, టోకెన్ పిలిచేదాకా బల్ల మీద కూర్చున్న పిల్ల ముఖంలోని బాధను కూడా హార్మోన్ల లక్షణంగా ఎవరైనా రాస్తే నేను ఆశ్చర్యపోను. "నీటి బుడగలు ఉన్నాయండీ" అన్న మాట వినగానే తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, నిర్ధారణ పూర్తవుతుంది.

అసలు అద్భుతం రక్తపరీక్షల్లో ఉంది. జుట్టు ఊడుతోందని అమ్మాయి బయోటిన్ అనే విటమిన్ బిళ్లలు వేసుకుంటూ ఉంటుంది. కొన్ని రకాల యంత్రాల్లో ఆ బయోటిన్ థైరాయిడ్‌ను నడిపే హార్మోన్ టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ టీ4ను ఎక్కువగా చూపించగలదు. దాంతో లేని థైరాయిడ్ జబ్బు ఒకటి ఇంట్లో అడుగుపెడుతుంది. ఆ దిగులుతో కడుపు ఉబ్బరించి మందుల షాపుకు వెళితే, అక్కడ ఇచ్చిన గ్యాస్ బిళ్లలో డోంపెరిడోన్ ఉంటుంది. అది ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. పెరిగిన ప్రొలాక్టిన్‌ను చూసి, దాన్ని తయారుచేసే మెదడు అడుగు గ్రంథిలో గడ్డ ఉందేమోనని తలకు ఎమ్మారై రాస్తారు. నెలసరి క్రమబద్ధం కావడానికి ఎవరో ఇచ్చిన గర్భనిరోధక మాత్రలు వాడుతుండగానే పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ చూస్తే, అది బుద్ధిగా నార్మల్‌కు వస్తుంది, ఎందుకంటే దాన్ని అణచడం ఆ మాత్రల పనుల్లో ఒకటి. "ఏం మందులు వాడుతున్నావమ్మా?" అన్న ఒక్క మాటతో ఈ గొలుసంతా తెగిపోయేదే, కానీ ఆ మాటకు బిల్లు వేయడం కుదరదు. పీసీఓఎస్ వెంట రాగల మధుమేహాన్ని పట్టిచ్చేందుకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి 2 గంటల తరువాత చక్కెర చూసే చవక పరీక్షదీ అదే గతి. అంతసేపు కుర్చీ ఖాళీ కాకపోతే ల్యాబు నడిచేదెలా?

ప్రభుత్వానికి నాదొక సూచన. పరీక్షల చీటీ మీద "ఆఖరి నెలసరి తేదీ" అని ఒక గడి ఉంటుంది. 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్‌కు నెలసరి తొలి రోజుల్లో పొద్దున్నే రక్తం తీయాలనీ, అండం విడుదలైందో లేదో చెప్పే ప్రొజెస్టెరాన్‌కు రాబోయే నెలసరికి దాదాపు వారం ముందు తీయాలనీ, ఆ తేదీ తెలియకుండా వచ్చిన అంకెలకు అర్థం లేదనీ ఛాదస్తులు వాదిస్తారు. ఆ గడిని నింపగా చూసినవారు తక్కువ. కనుక దానిని రద్దు చేసి, ఆ చోట సంక్రాంతి ప్యాకేజీ ధరను అచ్చు వేయించి, తల్లీకూతుళ్లు కలిసి వస్తే అదనపు తగ్గింపు ఉంటుందని కింద చిన్న అక్షరాలతో చేర్చాలి.