కాలిన గాయాల వార్డులో మరణాలు: శాతం చెప్పని సంగతులు

కాలిన గాయాలతో ఎవరినైనా ఆస్పత్రికి తెస్తే బంధువులు ముందుగా అడిగే మాట "ఎంత శాతం?" అని, అంటే ఒంటి మీద ఎంత భాగం కాలిందని. 20 అంటే ఊపిరి పీల్చుకుంటారు, 60 అంటే ఆశ వదిలేసుకుంటారు. శాతం ముఖ్యం కాదని ఎవరూ అనరు. కానీ ఒకే వయసులో, ఒకే శాతం కాలిన ఇద్దరిలో ఒకరు నడుచుకుంటూ ఇంటికి వెళ్తారు, మరొకరు మూడో వారంలో చనిపోతారు. ఈ తేడా ఎక్కడొచ్చిందో అడగకుండా భారమంతా శాతం మీదకు నెట్టేస్తే, ఆపగలిగిన మరణాలకు ఎవరూ జవాబు చెప్పాల్సిన పని ఉండదు.

రోగితో పాటే వచ్చే కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఎవరూ మార్చలేరు. 1961లో ఫ్రెంచి డాక్టర్ సెర్జ్ బో వయసును, కాలిన శాతాన్ని కలిపితే ప్రాణాపాయం అంచనా దొరుకుతుందని చూపించాడు. ఆ మొత్తం 100 దాటితే బతకడం కష్టమని చాలాకాలం లెక్కవేసేవారు. తర్వాత 2010లో ఆ లెక్కను సవరించి, ఊపిరితిత్తుల్లోకి పొగ వెళ్తే ఇంకో 17 కలపాలన్నారు. అంటే పొగ పీల్చడం దాదాపు వయసు ఇంకో 17 ఏళ్ళు పెరిగినంత ప్రమాదం. బోస్టన్‌లో 1,665 మంది రోగులను పరిశీలించి 1998లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. 60 దాటిన వయసు, 40 శాతం దాటిన గాయం, పొగ పీల్చడం అనే మూడింటిలో ఏదీ లేకపోతే మరణాలు 0.3 శాతమే. ఒకటుంటే 3 శాతం, రెండుంటే 33 శాతం, మూడూ ఉంటే సుమారు 90 శాతం.

పొగ సంగతి మొదటి గంటల్లో మోసం చేస్తుంది. రోగి మెలకువగా ఉంటాడు, అడిగినదానికి సమాధానం చెప్తాడు. కానీ ముక్కు వెంట్రుకలు కమిలి ఉంటాయి, ఉమ్మిలో మసి కనిపిస్తుంది, గొంతు బొంగురుపోతూ ఉంటుంది. ఇంకొన్ని గంటల్లో గొంతు లోపల వాచి దారి మూసుకుపోతే అప్పుడు ఊపిరి ఆడేందుకు ట్యూబు వేయడం దాదాపు అసాధ్యం. "బాగానే మాట్లాడుతున్నాడు కదా" అని వదిలేయకుండా ఈ గుర్తులు చూసి ముందే ట్యూబు వేసే డాక్టరు ఉన్నాడా లేదా అన్నది శాతం లెక్కలో కనిపించదు.

సెలైన్ దగ్గరా ఇదే కథ. పెద్ద గాయంలో రక్తనాళాల నుంచి నీరు కణజాలంలోకి కారిపోతుంది, బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. 1960ల నుంచి వాడుకలో ఉన్న పార్క్‌లాండ్ ఫార్ములా ప్రకారం 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే మొదటి 24 గంటల్లో 9,600 మిల్లీలీటర్ల ద్రవం అవసరం. అందులో సగం మొదటి 8 గంటల్లోనే వెళ్ళాలి. ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి లెక్క, ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి కాదు. నాలుగు గంటలు దారిలోనే పోతే మిగిలిన నాలుగు గంటల్లో 4,800 మిల్లీలీటర్లు ఎక్కించాల్సి వస్తుంది. అలాగని ఎంత ఎక్కువిస్తే అంత మంచిది అనుకోకూడదు. ద్రవం మితిమీరితే ఊపిరితిత్తులు నిండుతాయి, పొట్టలో ఒత్తిడి పెరిగి అవయవాలు దెబ్బతింటాయి. అందుకే చాలా కేంద్రాలు ఇప్పుడు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, గంట గంటకూ మూత్రం కొలిచి పెంచుతున్నాయి. పెద్దవాళ్ళలో కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు మూత్రం వస్తే సరిపోతున్నట్టు. అంటే మొదటి రోజు ప్రాణం చాలావరకు మూత్రం సంచి చూసి రాసుకునే నర్సు చేతిలో ఉంటుంది. ఒక నర్సుకు ఎంతమంది రోగులన్నది మరణాల లెక్కలో నేరుగా కలవాల్సిన విషయమని నా అభిప్రాయం.

అసలు ఆ శాతాన్నయినా సరిగ్గా కొలుస్తున్నారా అంటే అదీ అనుమానమే. ఎర్రబడిన చర్మాన్ని కూడా కలిపేయడం, చిన్నపిల్లల్లో తల వాటా పెద్దదని మర్చిపోయి పెద్దవాళ్ళ లెక్కే వేయడం తరచూ జరిగే పొరపాట్లు. మొదటి అంకె తప్పితే సెలైనూ తప్పుతుంది, బంధువులకు చెప్పే మాటా తప్పుతుంది.

మొదటి రెండు మూడు రోజులు గట్టెక్కాక అసలు శత్రువు ఇన్ఫెక్షన్. కాలిన చర్మం చచ్చిన కణజాలం, బ్యాక్టీరియాకు అంతకన్నా మంచి చోటు దొరకదు. సూడోమోనాస్, ఎసినెటోబాక్టర్ లాంటివి ఒక మంచం నుంచి ఇంకో మంచానికి చేతుల మీద, డ్రెస్సింగ్ ట్రాలీ మీద, స్నానపు బల్ల మీద ప్రయాణిస్తాయి. చాలా మందులకు లొంగని రకాలైతే రక్తంలోకి చేరాక చేయగలిగింది కొంచెమే. అందుకే 1970లో స్లొవేనియా సర్జన్ జోరా యాంజెకోవిచ్ చెప్పిన పద్ధతి అంత పెద్ద మలుపైంది. చచ్చిన చర్మం దానంతట అది ఊడేదాకా వారాల తరబడి చూడకుండా, మొదటి కొద్ది రోజుల్లోనే పొరలు పొరలుగా కోసేసి వెంటనే గ్రాఫ్ట్ వేయడం, అంటే వేరే చోటి మంచి చర్మం తెచ్చి అతికించడం ఆ పద్ధతి. 1949లో బ్రిటన్‌లో వేసిన లెక్కలో 14 ఏళ్ళలోపు పిల్లలకు 49 శాతం కాలితే సగం మంది చనిపోయేవారు. ఇప్పుడు అత్యుత్తమ కేంద్రాల్లో 90 శాతం దాటిన గాయాలతోనూ సగానికి పైగా పిల్లలు బతుకుతున్నారు. పిల్లల చర్మం మారలేదు, వాళ్ళకు అందే చికిత్స మారింది.

తొందరగా కోయాలంటే ఆపరేషన్ థియేటరులో టైము, రక్తం, మత్తు డాక్టరు, అవసరమైతే స్కిన్ బ్యాంకులో దాత చర్మం ఉండాలి. వీటిలో ఒకటి లేకపోయినా ఆపరేషన్ పదో రోజుకో పదిహేనో రోజుకో జరుగుతుంది, ఈలోగా సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి అవయవాలను దెబ్బతీయడం మొదలవుతుంది. తిండీ అంతే ముఖ్యం. పెద్ద గాయంలో శరీరం మామూలు కన్నా రెట్టింపు దాకా శక్తి ఖర్చు చేస్తుంది. తొలి రోజు నుంచే ముక్కు గొట్టం ద్వారా తిండి ఇవ్వకపోతే కండ కరుగుతుంది, గ్రాఫ్ట్ అతుక్కోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన కాలిన గాయాలతో ఏటా సుమారు 1,80,000 మంది చనిపోతున్నారు, అత్యధికులు పేద, మధ్యాదాయ దేశాలవాళ్ళే. కానీ ఆస్పత్రులను వాటి మరణాల రేటు చూసి పోల్చడం మొదలుపెడితే పెద్ద అన్యాయం జరుగుతుంది. ఎవరూ చేర్చుకోని, 70 శాతం కాలిన కేసులన్నీ తీసుకునే ఆస్పత్రి రేటు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. సీరియస్ అనగానే వేరేచోటికి పంపేసే ఆస్పత్రి కాగితం మీద మెరుస్తుంది. సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్ళిపోయిన రోగి నాలుగు రోజులకు చనిపోయినా ఏ రికార్డులోనూ ఉండడు.

అందుకే ప్రతి మరణం పక్కన వయసు, శాతం, లోతు, పొగతో పాటు ఇంకో నాలుగు వివరాలు రాయాలి. కాలిన ఎన్ని గంటలకు మొదటి సెలైన్ ఎక్కింది, ఎన్నో రోజు మొదటిసారి కోశారు, ఎన్నో రోజు తిండి మొదలైంది, కల్చర్ (ల్యాబులో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష)లో ఏ బ్యాక్టీరియా ఎప్పుడు పెరిగింది. ఇవన్నీ కేస్ షీటులో ఎక్కడో ఒకచోట ఉండేవే. సర్జన్లు, ఐసీయూ డాక్టర్లు, నర్సులు, మైక్రోబయాలజీవాళ్ళు నెలకోసారి వాటిని ముందు పెట్టుకుని కూర్చుంటే, 35 శాతం కాలిన పాతికేళ్ళ మనిషి ఎందుకు చనిపోయాడన్న ప్రశ్నకు "శాతం ఎక్కువ" అన్న జవాబు చెల్లదు.