నర్సరీ గదిలో ఆటకి చోటేది?

నవంబరు దాటిందంటే చాలు, హైదరాబాద్‌లో మూడేళ్ల పిల్లలున్న ఇళ్లలో అడ్మిషన్ల టెన్షన్ మొదలవుతుంది. కూకట్‌పల్లి అయినా, కొండాపూర్ అయినా, దిల్‌సుఖ్‌నగర్ అయినా, అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఇద్దరు తల్లులు కలిస్తే ఇదే మాట. నర్సరీకి లక్ష రూపాయలు దాటిన ఫీజు ఈ ఊళ్లో ఇప్పుడెవరికీ వింత కాదు. అంత కట్టాక, బడి తెరిచి నెల తిరక్కుండానే టీచర్‌ని అడిగే మొదటి ప్రశ్న, "మా వాడు ఇంకా ఏబీసీడీలు రాయట్లేదేంటి మేడమ్?" అడగడంలో తప్పు లేదు, కష్టార్జితం కదా, దాని ఫలితం కళ్లతో చూడాలని ఎవరికైనా ఉంటుంది. కానీ చిన్నపిల్లల తరగతి గదుల్లోంచి ఆట వెళ్లిపోవడానికి సిలబస్ కన్నా, టీచర్ల కన్నా ఎక్కువగా ఈ ప్రశ్నే కారణమని నేను నమ్ముతున్నాను.

ఎందుకంటే రాత కనిపిస్తుంది, ఆట కనిపించదు. నాలుగు గీతల నోట్‌బుక్‌లో పేజీ నిండా ఒకే అక్షరం, పక్కన ఎర్ర సిరా టిక్కు ఉంటే ఆ రోజు చదువు జరిగినట్టు లెక్క. అదే బిడ్డ పొద్దున్నంతా చెక్క దిమ్మెలతో మేడ కట్టి, అది కూలిపోయిన ప్రతిసారీ మళ్లీ మొదలెట్టి, చివరికి పెద్ద దిమ్మెలు అడుగున ఉండాలని తనంతట తానే కనిపెట్టి ఇంటికొస్తే బ్యాగులో చూపించడానికి ఏమీ ఉండదు. "ఏం చేశావు నాన్నా?" అంటే "ఆడుకున్నా" అంటాడు, అంతే. స్కూళ్లకీ ఈ సంగతి తెలుసు. పక్క వీధి స్కూల్లో యూకేజీకే కర్సివ్ రైటింగ్ నేర్పుతున్నారంటే తల్లిదండ్రులు అటు వెళ్లిపోతారన్న భయంతో, ఆట మీద నమ్మకమున్న హెడ్‌మిస్ట్రెస్‌లు కూడా వర్క్‌షీట్ల కట్టలు తెప్పిస్తారు.

ఆ రాత కూడా ఆ వయసు చేతికి తగ్గది కాదు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, పుట్టినప్పుడు అవన్నీ ఇంకా మెత్తటి మృదులాస్థే, ఒక్కొక్కటిగా గట్టిపడడం ఏళ్ల తరబడి సాగుతుంది. పెన్సిల్‌ని మూడు వేళ్ల మధ్య సరిగ్గా పట్టుకోవడం చాలామంది పిల్లలకి ఐదేళ్ల అటూ ఇటూ గానీ కుదరదు. ఆ పట్టు పిండి ముద్దలు చేస్తే వస్తుంది, దారానికి పూసలు గుచ్చితే వస్తుంది, వామనగుంటల్లో ఒక్కో చింతగింజ వదులుతూ పోతే వస్తుంది. పైగా మన తెలుగు అక్షరాలన్నీ వంపులే, కొన్ని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లా నిలువు గీతలు, అడ్డగీతలతో అయిపోవు. వేళ్లు సిద్ధం కాకముందే చుక్కలు కలపమని కూర్చోబెడితే బిడ్డ నేర్చుకునేది అక్షరం కాదు, అక్షరమంటే భయం.

బోరబండ వైపు ఒక అంగన్‌వాడీలో చూసిన కిరాణా కొట్టు ఆట చెబుతాను. ఖాళీ సబ్బు డబ్బాలు, బిస్కెట్ ప్యాకెట్లు, పైసలకి బదులు గచ్చకాయలు. కొట్టు నడిపేది నాలుగేళ్ల పాప. ఒక పిల్లాడు వచ్చి "అక్కా, ఒక సబ్బు ఇయ్యి" అని మూడు గచ్చకాయలు పెట్టాడు. పాప లెక్కపెట్టి, "ఐదు గావాలె, పైసలు తక్కువున్నయ్" అంది. వాడు బిక్కమొహం వేశాడు. టీచర్ పక్కన కూర్చుని ఒకే మాట అడిగింది, "ఇంకెన్ని తెస్తే సరిపోతయ్ రా?" వాడు వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచి, రెండు వేళ్లు చూపించి బుట్ట దగ్గరకి పరిగెత్తాడు. వాడు వచ్చేదాకా వెనకున్న పిల్ల తోసుకురాలేదు, ఎందుకంటే కొట్టు దగ్గర లైన్లో నిలబడాలన్నది ఆ ఆటలో వాళ్లే పెట్టుకున్న రూలు. బోర్డు మీద 5 – 3 = 2 అని రాసి వందసార్లు వల్లె వేయించినా ఆ నిమిషంలో జరిగిన ఆలోచన జరగదు. కావలసినదాని కోసం ఆగడం, ఎదుటివాడి మాట వినడం, గొడవ పడి మళ్లీ కలవడం ఇవేవీ వర్క్‌షీట్‌లో పట్టవు, ఒకటో తరగతికి వెళ్లాక వీటి లోటే ముందు బయటపడుతుంది.

ఇది నా ఇష్టాయిష్టాల మీద ఆధారపడి చెబుతున్న మాట కాదు. ఢిల్లీలోని అంబేడ్కర్ యూనివర్సిటీ, పిల్లల చదువుల మీద సర్వేలు చేసే అసర్ సెంటర్ కలిసి తెలంగాణ, రాజస్థాన్, అస్సాం గ్రామాల్లో దాదాపు 14,000 మంది పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా గమనించి 2017లో రిపోర్టు ఇచ్చాయి. ప్రైవేటు నర్సరీల్లో చాలావరకు ఒకటో తరగతి చదువునే కిందికి దించి చెబుతున్నారని, అంగన్‌వాడీల్లో చదువు చెప్పే సమయమే తక్కువగా ఉందని, రెండూ ఆ వయసుకి తగ్గట్టు లేవని అందులో తేలింది. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఇంకా గట్టి పరీక్ష జరిగింది. ప్రభుత్వ ప్రీస్కూల్లో లాటరీ తీసి సీట్లు ఇవ్వడంతో, సీటు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పోల్చే వీలు కలిగింది, సుమారు 3,000 మంది పిల్లలు. ప్రీస్కూల్ అయిపోయేనాటికి సీటు వచ్చినవాళ్లే ముందున్నారు. ఆరో తరగతికి వచ్చేసరికి, 2022లో వెలువడిన ఫలితాల్లో, వాళ్లే వెనకబడ్డారు, మార్కుల్లోనూ క్రమశిక్షణలోనూ. దీనికి కారణమేంటో ఆ పరిశోధన తేల్చలేదు, కానీ పిల్లలందర్నీ ఒకచోట కూర్చోబెట్టి పాఠం చెప్పడం ఎక్కువై, ఆటా మాటా తక్కువయ్యాయన్న అనుమానాన్ని ఆ పరిశోధకుల్లో ఒకరైన డేల్ ఫారనే బయటపెట్టారు. ఎల్‌కేజీలో ముందు రాసినంత మాత్రాన ముందుకు పోయినట్టు కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మనవైపు నిబంధనలు కూడా ఇదే చెబుతున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా లెక్కగట్టింది. దాని ఆధారంగా 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి పాఠ్యపుస్తకాలే వద్దంది. మరి మన నర్సరీ పిల్లల బ్యాగుల్లో ఉన్నవేంటి?

"మా చిన్నప్పుడు బళ్లో ఎవరు ఆడించారు, మేం చదువుకోలేదా" అనే పెద్దవాళ్లు చాలామంది కనిపిస్తారు. నిజమే, బళ్లో ఆడించలేదు, ఆడించాల్సిన అవసరం కూడా అప్పుడు లేదు. బడి వదలగానే గల్లీ ఉండేది, తొక్కుడుబిళ్ల ఉండేది, దాగుడుమూతలు ఉండేవి, చీకటి పడ్డాక పిలిస్తే గానీ ఇంటికి రాని గుంపు ఉండేది. ఇప్పుడు నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగే ఒక్కగానొక్క బిడ్డకి కింద పార్కింగ్, బయట ట్రాఫిక్, చేతిలో ఫోన్. తన వయసు పిల్లలు పది మందితో కలిసి ఉండే సమయం రోజు మొత్తంలో ఆ నర్సరీ గదిలోని మూడు గంటలే. ఆ మూడు గంటలూ కూడా నోరు మూసుకుని రాయమంటే, ఆ బిడ్డ ఇంకెక్కడ ఆడాలి?

ఆట అంటే బొమ్మలు పడేసి టీచర్ ఫోన్ చూసుకోవడం అని ఎవరైనా అనుకుంటే దానికి నేనూ ఒప్పుకోను. ఆ కిరాణా కొట్టులో టీచర్ సరైన క్షణంలో ఒక ప్రశ్న వేసి ఊరుకుంది, అందుకే అది చదువైంది. అలా చూస్తూ కూర్చోవాలంటే ఆమెకి తీరిక కావాలి. మన అంగన్‌వాడీ టీచర్‌కి పొద్దున లేస్తే బరువులు తూయడం, గుడ్లు, బాలామృతం లెక్కలు, రిజిస్టర్లు, యాప్‌లో ఫొటోలు, మధ్యలో సర్వేలు. ఆటకి గంట మిగిలితే గొప్పే. ప్రైవేటులో టీచర్‌కి జీతం చాలదు, ట్రైనింగ్ అంతంత మాత్రం, గది నిండా పిల్లలు, అలాంటప్పుడు వర్క్‌షీట్ ఇచ్చి కూర్చోబెట్టడమే ఆమెకి సులువు. ఆమెను తిట్టి ప్రయోజనం లేదు.

ఫీజు కట్టే ముందు ఒక మామూలు రోజు పది గంటలకి వెళ్లి, తరగతి చూపించమని అడగండి. షెల్ఫులో ఉన్న బొమ్మలు పిల్లల చేతుల్లో అరిగినవా లేక కవర్ విప్పనివా చూస్తే చాలావరకు అర్థమైపోతుంది. 2025 నుంచి తెలంగాణలో కొన్ని ప్రభుత్వ బళ్లలోనూ ప్రీ ప్రైమరీ తరగతులు మొదలయ్యాయి. పేద ఇళ్ల పిల్లలకి ఇది నిజంగా మంచి అవకాశం. అక్కడ కింద చాపలు వేసి దిమ్మెలు, ఇసుక, గచ్చకాయలు పెడతారా, లేక ప్రైవేటుని చూసి బెంచీలు వేసి నోట్‌బుక్కులు పంచుతారా అన్నది ఆ గదులు నిండకముందే, ప్రతి బడిలోనూ తల్లిదండ్రులు వెళ్లి అడగాల్సిన ప్రశ్న.