ఉబ్బసం మనిషిని కూర్చోబెట్టకండి, చేతిలోని పంపును పారేయించకండి

గుంటూరులో ఉబ్బసంతో బతుకుతున్న నాలాంటివారికి ఉచిత సలహాలకు లోటు లేదు. ఇంట్లో పెద్దవారు "ఆయాసం మనిషివి, నీకెందుకయ్యా ఆ పరుగులు?" అంటారు. పొద్దున్నే స్టేడియంలో నడిచే మిత్రులేమో, రోజూ గంటసేపు నడిచి ప్రాణాయామం చేస్తే ఊపిరితిత్తులు కొత్తవవుతాయని, మందు పీల్చే ఆ పంపును (ఇన్‌హేలర్‌ను) అవతల పారేయమని చెబుతారు. ఇద్దరిదీ అభిమానమే. కానీ మొదటి మాట మనిషిని మూలన కూర్చోబెడితే, రెండోది ప్రాణం మీదికి తెస్తుంది.

వ్యాయామం వల్ల ఊపిరితిత్తులు ఎంత బాగుపడతాయో చూద్దాం. గొట్టంలోకి గట్టిగా ఊదించి, మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చిందో కొలిచే పరీక్ష మనలో చాలామంది చేయించుకున్నదే. ఉబ్బసం ఉన్నవారిపై జరిగిన వ్యాయామ పరిశోధనలను 2013లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకచోట చేర్చి చూసినప్పుడు, ఆ అంకెలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. పెరిగింది శరీరం ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ శక్తి. అంటే ఊపిరితిత్తుల్లోని గాలి నాళాలు వెడల్పు కావు. గుండె, తొడ కండరాలు రాటుదేలడం వల్ల అవే మేడమెట్లు తక్కువ గాలితో ఎక్కగలుగుతాము. నా దృష్టిలో ఇది చిన్న లాభం కాదు. అంకె పెరగలేదు కాబట్టి వ్యాయామం దండగ అనేవారు, ఉబ్బసం ఉన్న మనిషి రోజంతా దేనితో పోరాడుతున్నాడో తెలియనివారు.

మరి పరుగెత్తితే పిల్లికూతలు ఎందుకొస్తాయి? విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 6 లీటర్ల గాలి పీల్చే మనిషి, గట్టిగా పరుగెత్తేటప్పుడు 60 లీటర్లు దాటిపోతాడు. అంత గాలిని వేడిచేసి తడిపే పనిలో నాళాల లోపలి పొర ఎండిపోతుంది, అక్కడి కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను వదులుతాయి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. చిత్రమేమిటంటే, చాలామందికి ఈ బిగుతు పరుగులో కాక, ఆగి గ్యాలరీ మెట్ల మీద కూర్చున్న ఐదు పది నిమిషాలకు ముదురుతుంది. చెమట తుడుచుకుంటూ కబుర్లలో పడిన మనిషి వాక్యం మధ్యలో ఆగి దగ్గడం మొదలుపెడతాడు. పక్కవారు నీళ్లు అడ్డం పడ్డాయనుకుంటారు. సాధారణంగా గంట, గంటన్నరలో అదే సర్దుకుంటుంది. ముందుగా పది, పదిహేను నిమిషాలు మెల్లగా నడుస్తూ మధ్యమధ్య కొంచెం వేగం పెంచితే, ఆ తర్వాతి పరుగులో బిగుతు తగ్గడం చాలామందిలో కనిపిస్తుంది. ఇంత సులువైన సంగతి మన జిమ్ములలో చెప్పేవారు అరుదు.

పంపు విషయంలో మనవారి భయం వేరు: అలవాటైపోతుందట. మృగశిర కార్తెకు చేపమందు కోసం హైదరాబాద్ బస్సెక్కడానికి లేని సందేహం, డాక్టరు రాసిన మందు దగ్గరే ఎందుకొస్తుందో నాకు అంతుపట్టదు. వ్యాయామానికి ముందు పీల్చే మందు మనల్ని బలహీనపరచదు, నాళాలు బిగుసుకోకుండా కాపాడుతుంది. అయితే అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దని, నాళాల వాపును తగ్గించే స్టెరాయిడ్ పీల్పు మందు కూడా ఉండాలని 2019 నుంచి అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉబ్బసం ఉన్న బ్రిటన్ పరుగుల క్రీడాకారిణి పౌలా రాడ్‌క్లిఫ్ 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేసింది. ఆమె మందు మానేసి పరుగెత్తలేదు.

ఇక మన ఊరి సంగతి. మిర్చి సీజన్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు వరుసకట్టే యార్డు రోడ్డు మీద, మామూలు మనిషికే ముక్కు ఘాటెక్కుతుంది. పదింతల గాలి పీల్చుకుంటూ అక్కడ పరుగెత్తడం తెలివైన పని కాదు. భోగి మంటల ఉదయం కూడా అంతే. అలాంటి రోజుల్లో ఇంట్లోనే మెట్లెక్కి దిగండి. రాత్రిళ్లు దగ్గుతో మెలకువ వస్తున్నవారు, వారంలో చాలాసార్లు పంపు అవసరమవుతున్నవారు మాత్రం బూట్లు కొనడానికి ముందు డాక్టరును కలిసి మందుల మోతాదు సరిచేయించుకోవాలి.