"ఆన్సర్ వచ్చిందా?" అని అడగడం ఆపండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో టెన్త్ పిల్లలున్న మన తెలుగువాళ్లకే ఈ పోస్టు. ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇల్లు చేరగానే పిల్లాడి మ్యాథ్స్ నోట్సు తెరిచి "ఆన్సర్ వచ్చిందా?" అంటారు. ఆన్సర్‌కేముంది, పుస్తకం వెనకాలే ఉంటుంది. ఫోన్‌తో ఫోటో తీస్తే స్టెప్పులతో సహా దిగుతుంది. అడగాల్సింది "ఎక్స్ అని దేన్ని అనుకున్నావు?" అని. సగం మంది పిల్లలు అక్కడే నీళ్లు నములుతారు.

ఒక లెక్క చూడండి. బెంగళూరు నుంచి చెన్నైకి రైల్లో 360 కిలోమీటర్లు అనుకుందాం. వేగం గంటకి 12 కిలోమీటర్లు పెంచితే గంట ముందే చేరుతుంది. అసలు వేగమెంత? మొదటి లైను "అసలు వేగం = ఎక్స్" అని యూనిట్‌తో సహా రాయాలి. తర్వాత రెండు టైములు: 360/ఎక్స్, 360/(ఎక్స్ + 12). ఇప్పుడు దేన్నుంచి దేన్ని తీసేయాలి? నెమ్మదిగా వెళ్లే బండికే ఎక్కువ టైము పడుతుంది, కాబట్టి మొదటిదాన్నుంచి రెండోది తీసేస్తే = 1 (గంట). ప్లస్ 12 కనబడింది కదా అని తిప్పి రాస్తే ఎక్స్² + 12ఎక్స్ + 4320 = 0 వస్తుంది. డిస్క్రిమినెంట్ (ఫార్ములాలో రూట్ గుర్తు కింద ఉండేది) నెగటివ్, రూట్లే, అంటే జవాబులే, ఉండవు. పిల్లాడు గంటసేపు ఫ్యాక్టర్ల కోసం కొట్టుకుంటాడు. తప్పు ఫ్యాక్టర్లలో లేదు, మూడు లైన్ల పైన ఉంది. అదే లెక్కలో గంట బదులు 40 నిమిషాలు ఇస్తే కుడివైపు 2/3 రావాలి. 40 అని పెట్టేవాళ్లు కోకొల్లలు.

సరిగ్గా రాస్తే ఎక్స్² + 12ఎక్స్ − 4320 = 0. లబ్ధం 4320, తేడా 12 ఉన్న రెండు సంఖ్యలు కావాలి. గుడ్డిగా వెతకక్కర్లేదు. 4320కి వర్గమూలం 66కి కాస్త తక్కువ. తేడా 12 కాబట్టి 66కి అటో ఆరు, ఇటో ఆరు: 72, 60. రూట్లు 60, −72. వేగం నెగటివ్ ఉండదు కాబట్టి −72 వద్దు అని ఒక ముక్క రాయాలి. మైనస్ ఎగరగొట్టి 72 అని రాసేవాళ్లూ ఉంటారు, అది పెంచిన తర్వాతి వేగం.

సరిచూసుకోవడం మాత్రం ప్రశ్నలోకి వెళ్లి చేయాలి: 60తో 6 గంటలు, 72తో 5 గంటలు, తేడా గంట. ఈక్వేషన్‌లో పెట్టి చూస్తే లాభం లేదు. ఈక్వేషనే తప్పైతే ఆ తప్పుకి సరిపోయే జవాబే వస్తుంది, పిల్లాడు టిక్కు పెట్టుకుని పడుకుంటాడు.

ఇక మన ఎంసెట్ బ్యాచ్ నాన్నల షార్ట్‌కట్లు. "ఇంత రాయాలా? నోటితో అయిపోతుంది కదా!" అయిపోతుంది స్వామీ, కానీ సీబీఎస్ఈ 80 మార్కుల పేపర్‌లో స్టెప్పుకి మార్కుంటుంది. చివర్లో కూడిక తప్పినా పైన రాసినదానికి ఎంతో కొంత వస్తుంది. నోటితో చేసినదానికి ఏమీ రాదు. పైగా మైనస్‌లు మింగేది అక్కడే: −(ఎక్స్ − 3)² విప్పితే −ఎక్స్² + 6ఎక్స్ − 9 రావాలి. బ్రాకెట్ ఉంచి ఒక లైను ఎక్కువ రాయనివ్వండి.

ట్రిగనామెట్రీ ఐడెంటిటీల్లో (రెండు వైపులూ సమానమని నిరూపించే లెక్కలు) ఒక్క జబ్బు: రెండు వైపులా క్రాస్ మల్టిప్లై చేసి "ప్రూవ్డ్" అనడం. నిరూపించాల్సిందాన్నే నిజమనుకుని మొదలెట్టినట్టు. ఒక వైపే తీసుకుని, దారి తోచకపోతే అంతా సైన్, కాస్‌లోకి మార్చాలి. యాంగిల్ ఆఫ్ డిప్రెషన్ (పైనుంచి కిందికి చూసే కోణం) అయితే బొమ్మ చూడండి. కోణం కంటి దగ్గరి అడ్డగీత నుంచి కొలవాలి, టవర్ గోడ నుంచి కాదు. 30 మీటర్ల టవర్ పైనుంచి నేల మీది వస్తువుని 30 డిగ్రీల్లో చూస్తే, టవర్ అడుగు నుంచి దాని దూరం దాదాపు 52 మీటర్లు. గోడ నుంచి కొలిస్తే 17 చిల్లర వస్తుంది.

రోజుకి ఒకే రకం లెక్కలు ఇరవై ఇచ్చే ట్యూషన్లకి నా దండం. ఐదు ఇచ్చి, ఐదూ సరిచూసి తెమ్మనండి చాలు.

రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో "ఏడో లెక్క ఎవరైనా పంపండి ప్లీజ్" అని అడిగే అమ్మలకి పేజీ మొత్తం ఫోటో పెట్టకండి. మొదటి రెండు లైన్లే పంపండి, మిగతాది పిల్లాడే చూసుకుంటాడు.